పాలిచ్చే ఆవు తన్నినా పడాల్సిందేనా? టీవీ తారల తప్పులు, ఉద్వాసన లెక్కలు

క్లుప్తంగా: పని చోట తప్పు చేసిన టీవీ తారను తీసేయాలా వద్దా అన్న గొడవ వచ్చినప్పుడల్లా చర్చ అంతా ఆ మనిషి ప్రతిభ చుట్టూ, అభిమానుల చుట్టూ తిరుగుతుంది. నిర్ణయాన్ని నడిపించేవి మాత్రం వేరే ఉంటాయి: కాంట్రాక్టులో ఏం రాసుకున్నారు, ఆ మనిషి లేకపోతే కార్యక్రమం నిలుస్తుందా, దెబ్బ తిన్న చిన్న ఉద్యోగికి నోరు విప్పే దారి ఉందా. 2015లో బీబీసీ తన టీవీ వ్యాఖ్యాత జెరెమీ క్లార్క్‌సన్‌ను వదులుకున్న తీరును, ఆ చుట్టుపక్కల ఏళ్ళలో అమెరికా, బ్రిటన్, భారత్‌లలో జరిగినవాటితో పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది.

30 సెకన్లు

2015 మార్చి 4. ఇంగ్లండ్‌లో ఉత్తర యార్క్‌షైర్ కొండల మధ్య సైమన్‌స్టోన్ హాల్ అనే హోటల్. బీబీసీ కార్ల కార్యక్రమం 'టాప్ గేర్' యూనిట్ ఆ రోజు షూటింగ్ ముగించుకుని బాగా పొద్దుపోయాక అక్కడికి చేరింది. అప్పటికి వంటగది కట్టేశారు. వేడి భోజనం లేదు, చల్లటి మాంసం ముక్కల పళ్ళెం మాత్రమే ఇవ్వగలమన్నారు. ముఖ్య వ్యాఖ్యాత క్లార్క్‌సన్‌కు కోపం వచ్చింది. ఆ కోపం ఓషీన్ టైమన్ అనే ప్రొడ్యూసర్ మీదికి మళ్ళింది.

తర్వాత జరిగింది బీబీసీ స్కాట్లండ్ డైరెక్టర్ కెన్ మెక్వారీ విచారణ నివేదికలో ఉంది. దాడి సుమారు 30 సెకన్లు సాగింది, పక్కనున్నవాళ్ళు అడ్డుపడితే ఆగింది. టైమన్ తిరిగి చెయ్యెత్తలేదు. పెదవి చిట్లి, వాచింది. తనే కారు నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాడు. తిట్లు మాత్రం 30 సెకన్లతో అయిపోలేదు. దాడి సమయంలోనూ, ఆ తర్వాతా చాలాసేపు సాగాయి, 'నీ ఉద్యోగం పీకించేస్తా' అన్న బెదిరింపుతో సహా. ఆ రాత్రి తన ఉద్యోగం పోయినట్టేనని టైమన్ నిజంగానే అనుకున్నాడు. కొట్టింది ఒకరు, ఉద్యోగం పోతుందని భయపడింది ఇంకొకరు. ఈ వ్యవహారంలో గమనించాల్సిన విషయాల్లో ఇదే ముందుది.

క్లార్క్‌సన్ తర్వాత పలుమార్లు క్షమాపణ చెప్పాడు. పై అధికారులకు విషయం చేరవేసింది కూడా ఆయనే. టైమన్ నుంచి లిఖితపూర్వక ఫిర్యాదేమీ రాలేదు. మార్చి 10న సస్పెన్షన్, మార్చి 25న తుది నిర్ణయం. జరిగిన విషయాల మీద ఎవరికీ పేచీ లేదు కాబట్టి విచారణ రెండు వారాల్లో ముగిసింది. ఇలాంటి కేసుల్లో ఇంత స్పష్టత దొరకడం అరుదు.

తీసేయడం వేరు, కొనసాగించకపోవడం వేరు

'క్లార్క్‌సన్‌ను బీబీసీ డిస్మిస్ చేసింది' అని అందరూ అంటారు. సాంకేతికంగా అలా జరగలేదు. ఆయన కాంట్రాక్టు ఆ మార్చి నెలాఖరుతో ఎలాగూ ముగుస్తుంది. డైరెక్టర్ జనరల్ టోనీ హాల్ చేసిందల్లా దాన్ని పొడిగించబోమని ప్రకటించడమే. మామూలు వాడుకలో రెండూ ఒకటే అనిపించినా చట్టం దృష్టిలో తేడా పెద్దది. మధ్యలో తీసేస్తే కారణం చూపాలి, కోర్టులో నిలబెట్టాలి, మిగిలిన కాలానికి డబ్బు కట్టాల్సి రావచ్చు. గడువు తీరిన కాంట్రాక్టును పొడిగించకపోతే అవేవీ ఉండవు.

టీవీ తారలు చాలా చోట్ల ఉద్యోగులే కారు. సొంత కంపెనీ పేరు మీద సంతకం పెట్టే కాంట్రాక్టర్లు. నెలజీతగాడికి వర్తించే క్రమశిక్షణ నియమాలు, షోకాజ్ నోటీసు, ఇంక్రిమెంటు కోత లాంటివి వీళ్ళకు సరిగా అతకవు. సంస్థ చేతిలో మిగిలేవి రెండు ఆయుధాలు: మందలించడం లేదా వదులుకోవడం. ఆఫీసులో గుమాస్తా తప్పు చేస్తే హెచ్చరిక నుంచి ఉద్వాసన దాకా అరడజను మెట్లుంటాయి, తారకు ఆ మెట్లుండవు. అందుకే మందలింపులు ఏళ్ళ తరబడి పేరుకుపోయి, ఒక రోజు హఠాత్తుగా వేటు పడుతుంది. చూసేవాళ్ళకు ఒక్క పళ్ళెం భోజనం కోసం ఇంత శిక్షా అనిపిస్తుంది.

క్లార్క్‌సన్ విషయంలో ఆ పేరుకుపోవడం బహిరంగంగానే జరిగింది. 2011 డిసెంబరులో ప్రసారమైన భారత యాత్ర ఎపిసోడ్‌లో కారు వెనకభాగంలో మరుగుదొడ్డి బిగించి తిప్పితే, లండన్‌లోని భారత హైకమిషన్ బీబీసీకి ఫిర్యాదు చేసింది. 2014లో బర్మా ఎపిసోడ్‌లో ఆసియావాసులను కించపరిచే మాట వాడటం నిబంధనల ఉల్లంఘనేనని ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తేల్చింది. అదే ఏడాది మేలో జాత్యహంకార పదం గొణిగిన పాత వీడియో బయటపడింది. ఇంకొక్క మాట జారితే ఇంటికేనని బీబీసీ తనను హెచ్చరించిందని క్లార్క్‌సనే తన పత్రికా కాలమ్‌లో రాసుకున్నాడు. అక్టోబరులో అర్జెంటీనాలో కారు నంబరు ప్లేటు మీద గొడవై యూనిట్ మొత్తం దేశం వదిలి రావాల్సి వచ్చింది. అన్నిటికీ దొరికింది మందలింపో, క్షమాపణో, సమర్థింపో.

వీటికీ యార్క్‌షైర్ రాత్రికీ మధ్య ఒక గీత ఉంది. మొదటివన్నీ తెర మీద మాటలు, వాటి మంచిచెడ్డలు ప్రేక్షకుల అభిరుచికీ ప్రసార నిబంధనలకూ సంబంధించినవి. చివరిది పని చోట తోటి ఉద్యోగి మీద చేయిచేసుకోవడం. రెండిటినీ కలిపేసి 'నోటి దురుసు మనిషి, అంతే' అని తేలికచేయడం, లేదా 'ఎప్పుడో తీసేయాల్సింది' అని బిగించడం, అప్పటి చర్చను గందరగోళం చేసిన పొరపాట్లు.

పది లక్షల సంతకాలు

సస్పెన్షన్ ప్రకటించాక క్లార్క్‌సన్‌ను వెనక్కి తీసుకోవాలంటూ మొదలైన ఇంటర్నెట్ పిటిషన్ పది లక్షల సంతకాలు దాటింది. దాన్ని బీబీసీ కార్యాలయానికి సైనిక శకటం మీద ఊరేగింపుగా తెచ్చి ఇచ్చారు. ప్రధాని డేవిడ్ కామెరాన్ తన మిత్రుడు గొప్ప ప్రతిభావంతుడని, గొడవ సర్దుమణిగితే బాగుండునని అన్నాడు. మరోపక్క సోషల్ మీడియాలో తిట్లు తిన్నది దెబ్బలు తిన్న టైమనే. చివరికి టోనీ హాల్ తన ప్రకటనలో టైమన్ ఏ తప్పూ చేయని మనిషని విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

ఆ సంతకాల్లో అబద్ధం లేదు. వాటిని పెట్టినవాళ్ళకు ఆ కార్యక్రమం ఇష్టం. అయితే అవి జవాబు చెప్పింది 'మీకు ఈ షో కావాలా' అన్న ప్రశ్నకు. బీబీసీ ముందున్న ప్రశ్న వేరు: ప్రొడ్యూసర్‌ను కొట్టిన మనిషితో కలిసి పనిచేయమని మిగతా యూనిట్‌కు చెప్పగలమా అన్నది. పది లక్షల మందిలో ఆ యూనిట్‌లో రేపు డ్యూటీకి వెళ్ళాల్సినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. హోదాను బట్టో, ప్రచార, వ్యాపార అవసరాలను బట్టో ఒకరికో రూలు, మరొకరికో రూలు ఉండదని హాల్ ప్రకటనలో రాశాడు.

ఆ మాట వెనుక పెద్ద చరిత్ర ఉంది. జిమ్మీ సావిల్ అనే ప్రఖ్యాత వ్యాఖ్యాత దశాబ్దాల పాటు చేసిన లైంగిక దాడులు ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 2012లో బయటపడ్డాయి. బీబీసీ పనికి సంబంధించి సావిల్ బాధితులు 72 మంది అని జానెట్ స్మిత్ విచారణ 2016లో తేల్చింది. తెర మీద వెలిగేవాళ్ళ జోలికి ఎవరూ పోని వాతావరణం, పైకి చెబితే తమకే నష్టమన్న భయం గురించి ఆ నివేదిక వివరంగా చర్చించింది. 2015లో క్లార్క్‌సన్ మీద నిర్ణయం తీసుకునేనాటికి ఆ విచారణ సాగుతూనే ఉంది. సావిల్ నేరాలతో యార్క్‌షైర్ గొడవకు పోలికే లేదు. కానీ 'ఆయన్నెవరు అడుగుతారు' అన్న ధోరణి ఎక్కడిదాకా తీసుకుపోతుందో అప్పటికే చూసిన సంస్థ అది.

ఆవును అమ్మేశాక పాడి ఏమైంది

వ్యాపార వాదనకూ బలం లేకపోలేదు. టాప్ గేర్ బీబీసీకి ఏటా సుమారు 5 కోట్ల పౌండ్లు తెచ్చేదని అప్పటి అంచనా. 212 దేశాలు, ప్రాంతాల్లో ప్రసారమయ్యేదని గిన్నిస్ రికార్డుల్లో ఎక్కింది. క్లార్క్‌సన్ వెళ్ళగానే తోటి వ్యాఖ్యాతలు రిచర్డ్ హామండ్, జేమ్స్ మే, నిర్మాత ఆండీ విల్మన్ కూడా వెంట నడిచారు. జూలై నాటికే అమెజాన్‌తో ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది నవంబరులో 'ద గ్రాండ్ టూర్' మొదలైంది.

ఇక్కడ టాప్ గేర్ పరిస్థితి చూస్తే: కొత్త వ్యాఖ్యాత క్రిస్ ఎవాన్స్‌తో 2016 మే 29న వచ్చిన మొదటి ఎపిసోడ్‌ను 44 లక్షల మంది చూశారు. ఆ సిరీస్ చివరి ఎపిసోడ్ నాటికి ఆ లెక్క 19 లక్షలకు పడింది. ఎవాన్స్ ఒక్క సిరీస్‌తోనే తప్పుకున్నాడు. తర్వాత మరికొందరు వచ్చారు, 2019 నుంచి కాస్త నిలదొక్కుకుంది. 2022 డిసెంబరులో షూటింగ్ ప్రమాదంలో వ్యాఖ్యాత, మాజీ క్రికెటర్ ఆండ్రూ ఫ్లింటాఫ్ తీవ్రంగా గాయపడ్డాడు. 2023 నవంబరులో షోను ఇప్పట్లో తీయబోమని బీబీసీ ప్రకటించింది.

కాబట్టి తీసేయడం వల్ల నష్టం రాలేదని చెప్పడం కుదరదు, వచ్చింది. అయితే ఆ నష్టానికి మూలం నిర్ణయంలో ఉందా, కార్యక్రమాన్ని నిర్మించిన తీరులో ఉందా అన్నది అడగాలి. జవాబు కోసం అమెరికా వైపు చూడొచ్చు.

'టూ అండ్ ఎ హాఫ్ మెన్' సీరియల్ హీరో చార్లీ షీన్‌కు ఎపిసోడ్‌కు దాదాపు 18 లక్షల డాలర్లు ఇచ్చేవారు. అప్పట్లో అమెరికన్ టీవీ నటుల్లో అందరికంటే ఎక్కువ పారితోషికం ఆయనదే. సృష్టికర్త చక్ లోరీని బహిరంగంగా దుర్భాషలాడటం, వ్యక్తిగత ప్రవర్తన వల్ల షూటింగులు ఆగిపోవడంతో 2011 మార్చి 7న వార్నర్ బ్రదర్స్ ఆయన్ను తొలగించింది. ఆయన 10 కోట్ల డాలర్లకు దావా వేశాడు, తర్వాత రాజీ కుదిరింది. సెప్టెంబరులో ఆష్టన్ కుచర్‌తో వచ్చిన తొలి ఎపిసోడ్‌ను 2 కోట్ల 80 లక్షల మందికి పైగా చూశారు. కుతూహలం తగ్గాక ఆ అంకె నిలవలేదు గానీ సీరియల్ మరో నాలుగు సీజన్లు, 2015 ఫిబ్రవరి దాకా నడిచింది. 2018లో నటి రోజాన్ బార్ జాత్యహంకార ట్వీట్ చేస్తే ఏబీసీ ఛానల్ ఆమె పేరుతో ఉన్న సీరియల్‌ను ఆ రోజే ఆపేసింది. అది సెట్లో జరిగిన తప్పు కాదు, నిజమే. చెప్పుకోవలసింది తర్వాతి సంగతి. ఆమె పాత్రను చంపేసి, మిగతా కుటుంబంతో 'ద కానర్స్' పేరిట అదే కథను 2025 దాకా నడిపారు.

తెలుగు సీరియల్ ప్రేక్షకులకు ఈ కిటుకు కొత్తది కాదు. నిన్నటిదాకా ఒకరు వేసిన పాత్రలో ఈ రోజు కొత్త ముఖం కనిపిస్తుంది. నాలుగు రోజులు గొణుక్కుంటారు, వారం తిరిగేసరికి అలవాటు పడతారు. పాత్ర కథకు చెందింది కాబట్టి నటుడు మారినా నడుస్తుంది. తెలుగు బిగ్ బాస్ మొదటి మూడు సీజన్లను ముగ్గురు హోస్టులు నడిపారు, ఎన్టీఆర్, నాని, నాగార్జున. ఫార్మాట్ బలంగా ఉంటే హోస్టు మారినా ఇల్లు కూలదు. టాప్ గేర్ అలా కాకుండా పోయింది. కార్ల కార్యక్రమంగా మొదలై, ముగ్గురు మగవాళ్ళ పరాచికాల కార్యక్రమంగా మారింది. పైగా ఆ షో వాణిజ్య హక్కుల్లో క్లార్క్‌సన్‌కు చాలాకాలం వాటా ఉండేది, దాన్ని బీబీసీ వాణిజ్య విభాగం 2012లోనే కొనేసింది. పేరూ హక్కులూ చేతికొచ్చాయి గానీ జనం చూసేది దేన్నో అది కాగితం మీద లేదు.

దీని నుంచి తేలేది ఏమంటే, తారను తీసేయడం ఎంత ఖరీదైన పని అన్నది తప్పు జరిగిన రోజున నిర్ణయం కాదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, కార్యక్రమాన్ని ఒక్క మనిషి భుజాల మీద పెట్టినప్పుడే నిర్ణయమై ఉంటుంది.

ఉంచేసుకుంటే ఎవరు వెళ్తారు

తీసేస్తే ఎంత పోతుందో అందరూ లెక్కేస్తారు. ఉంచుకుంటే ఎంత పోతుందో అరుదుగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పోయేవాళ్ళకు అభిమాన సంఘాలుండవు.

అమెరికా ఛానల్ సీబీఎస్ సీరియల్ 'బుల్' దీనికి తగిన ఉదాహరణ. 2017లో నటి ఎలైజా డుష్కును ముఖ్య పాత్ర కోసం తీసుకున్నారు, మరిన్ని సీజన్లలో కొనసాగించే ఆలోచన కూడా ఉంది. హీరో మైకేల్ వెదర్లీ సెట్లో అందరి ముందూ తన మీద అశ్లీల వ్యాఖ్యలు చేస్తున్నాడని ఆమె అభ్యంతరం చెప్పింది. కొద్ది రోజులకే ఆమె పాత్రను కథలోంచి తప్పించారు. చివరికి సీబీఎస్ రహస్య రాజీలో ఆమెకు 95 లక్షల డాలర్లు చెల్లించింది. ఆమె నాలుగు సీజన్లు నటించి ఉంటే వచ్చే మొత్తంతో అది దాదాపు సమానం. వింతేమిటంటే, ఆమెనే తప్పు పట్టించే సాక్ష్యం దొరుకుతుందని సీబీఎస్ బయటికి తీసిన సెట్ వీడియోల్లో వెదర్లీ వ్యాఖ్యలే రికార్డయి ఉన్నాయి. కెమెరాలు నడుస్తూనే ఉన్నాయి మరి. 2018 డిసెంబరులో ఈ రాజీ సంగతి పత్రికలకెక్కింది. వెదర్లీ అవి జోకులన్నాడు, క్షమాపణ చెప్పాడు, సీరియల్‌లో కొనసాగాడు. 2022లో తనంతట తాను తప్పుకునేదాకా 'బుల్' నడిచింది.

మన దేశంలో అందరికీ గుర్తున్నది 'ద కపిల్ శర్మ షో' ఉదంతం. 2017 మార్చిలో ఆస్ట్రేలియా నుంచి తిరిగొస్తూ విమానంలో కపిల్ శర్మకూ సహనటుడు సునీల్ గ్రోవర్‌కూ గొడవ జరిగింది. కపిల్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, సునీల్ తన మనసు గాయపడిందంటూ బహిరంగంగానే రాసి షో వదిలేశాడు. ఇంకొందరు కూడా దూరమయ్యారు. షో కపిల్‌దే, పేరూ కపిల్‌దే. ఇక చర్య తీసుకునే 'పై అధికారి' ఎక్కడుంటాడు? ఛానల్ అడిగితే అడగాలి. టీఆర్పీలు పడిపోయాయి, కొన్ని నెలలకు షో ఆగింది. మళ్ళీ మొదలైంది. 2024లో నెట్‌ఫ్లిక్స్ షోలో ఇద్దరూ కలిశారు. ఈ కథ సుఖాంతమే కావచ్చు. కానీ గొడవకూ కలయికకూ మధ్య ఏడేళ్ళలో ఏ సంస్థాగత విచారణా కనిపించదు. వ్యవహారమంతా ఇద్దరు వ్యక్తుల అలక, రాజీ లాగా సాగిపోయింది.

ఆరోపణకూ రుజువుకూ మధ్య

ఇక్కడిదాకా చెప్పినవాటిలో క్లార్క్‌సన్ కేసు తేలికైనది. సాక్షులున్నారు, చేసినవాడు ఒప్పుకున్నాడు. లైంగిక వేధింపుల ఆరోపణల్లో పరిస్థితి అలా ఉండదు. తార గొప్పవాడైనంత మాత్రాన ఆరోపణ అబద్ధమూ కాదు, ఆరోపణ వచ్చినంత మాత్రాన నిజమూ కాదు.

కాంట్రాక్టులు ఈ సందిగ్ధాన్ని తారవైపు మొగ్గేలా రాస్తాయి. ఫాక్స్ న్యూస్ యాంకర్ బిల్ ఓరైలీ మీద వేధింపుల ఆరోపణలు చేసిన ఐదుగురు మహిళలకు మొత్తం 1 కోటి 30 లక్షల డాలర్ల వరకూ ముట్టాయని 2017 ఏప్రిల్ 1న న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆయన ఆరోపణలను ఖండించాడు. కోర్టులో రుజువు కాని ఆరోపణ మీద ఆయన్ను తొలగించడానికి పాత కాంట్రాక్టు ఒప్పుకోదని తర్వాత తెలిసింది. రాజీ ఒప్పందం గోప్యంగా ఉంటే కేసు కోర్టుకే వెళ్ళదు, వెళ్ళకపోతే రుజువు ఎప్పటికీ కాదు. ఆ నిబంధన అలా తనను తానే కాపాడుకుంటుంది. చివరికి కదలిక తెచ్చింది ప్రకటనదారులు. 50కి పైగా కంపెనీలు ఆ కార్యక్రమానికి ప్రకటనలు ఆపేశాయి. మూడు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 19న ఆయన వెళ్ళిపోయాడు, చేతిలో భారీ పరిహారంతో.

అదే ఏడాది నవంబరులో ఎన్‌బీసీ 'టుడే' యాంకర్ మాట్ లావర్ మీద సోమవారం రాత్రి ఫిర్యాదు అందితే, బుధవారం ఉదయానికి తొలగింపు ప్రకటన వచ్చింది. ఆయన అనుచిత సంబంధాలున్నాయని ఒప్పుకుంటూనే బలాత్కారం ఆరోపణను తోసిపుచ్చాడు. ఒక ఛానల్‌కు ఏళ్ళు, మరో ఛానల్‌కు ఒకటిన్నర రోజు. మధ్యలో మారిందేమిటంటే, అక్టోబరులో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ వ్యవహారం బద్దలై మీటూ ఉద్యమం ఊపందుకుంది. తప్పు తీవ్రతను బట్టి కాక వాతావరణాన్ని బట్టి వేగం మారడం ఇందులో ఇబ్బందికరమైన అంశం. అది ఫిర్యాదు చేసినవారికీ న్యాయం కాదు, ఆరోపణ ఎదుర్కొంటున్నవారికీ కాదు.

భారత్‌లో ఆ ఊగిసలాట మరో రూపంలో కనిపించింది. 2018 అక్టోబరులో మీటూ ఆరోపణల తర్వాత సంగీత దర్శకుడు అను మాలిక్ 'ఇండియన్ ఐడల్' న్యాయనిర్ణేతగా తప్పుకున్నాడు. ఆరోపణలను ఆయన ఖండించాడు. 2019లో మళ్ళీ తీసుకొచ్చారు, నిరసనలు రాగానే నవంబరులో మళ్ళీ వెళ్ళాడు. జాతీయ మహిళా కమిషన్ తగిన ఆధారాలు అందలేదంటూ 2020 జనవరిలో కేసు మూసేసింది. తీసేసినప్పుడూ విచారణ ఫలితం చూపలేదు, తీసుకొచ్చినప్పుడూ చూపలేదు. ప్రేక్షకుడికి ఏది నమ్మాలో తెలియకుండా పోవడానికి ఇంతకంటే దారి అక్కర్లేదు.

చట్టం ఎంతవరకు

పని చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, అందరూ 'పోష్' అంటున్నది, కాగితం మీద విశాలమైనదే. పది మంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు, 90 రోజుల్లో విచారణ, నివేదిక అందాక 60 రోజుల్లో యాజమాన్యం చర్య. రోజుకూలీ, కాంట్రాక్టు, తాత్కాలికం అన్న తేడా లేదు. పని మీద వెళ్ళిన హోటల్, ప్రయాణించిన బండి కూడా పని చోటు కిందికే వస్తాయి. సినిమా యూనిట్ కూడా పని చోటేనని, నిర్మాతలు అంతర్గత కమిటీ పెట్టాల్సిందేనని కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది.

చిక్కు అమలులో ఉంది. హైదరాబాద్‌లో ఒక సీరియల్ సెట్‌ను ఊహించండి. ఛానల్ ఒకటి, నిర్మాణ సంస్థ మరొకటి, లైట్‌మన్లూ మేకప్‌వాళ్ళూ రోజువారీ బేటా మీద వచ్చినవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులను ఏజెంటు పంపుతాడు. హీరోయిన్ ఈ నెలలో ఇచ్చింది పదిహేను కాల్‌షీట్లు, మిగతావి ఇంకో సెట్లో. యజమాని ఎవరు? కమిటీ ఎవరిది? ఫిర్యాదు చేసిన అమ్మాయిని తీసేయక్కర్లేదు, రేపటికి పిలవకపోతే చాలు. కాల్‌షీటు ఇవ్వకపోవడానికి కారణం చెప్పమని అడిగే నియమం లేదు. పెద్ద నటుడి కాంట్రాక్టు పొడిగించకపోవడం పతాక శీర్షిక అవుతుంది. మేకప్ అసిస్టెంటుకు ఫోన్ రాకపోవడం వార్త కూడా కాదు.

టైమన్ లాంటివాడికైతే పోష్ అసలు వర్తించదు. అది లైంగిక వేధింపులకే, మహిళలకే పరిమితం. దెబ్బలు తిన్నవాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షన్ కింద కేసు పెట్టాలి. అంటే తిట్లు, బెదిరింపులు, వస్తువులు విసరడం లాంటి రోజువారీ దురుసుతనానికి, క్రిమినల్ కేసుకీ మధ్య ఏ మెట్టూ లేదు. టైమన్ కూడా పోలీసు కేసు వద్దనే అన్నాడు. కానీ బ్రిటన్‌లో వివక్ష చట్టాల కింద మరో దారి ఉంది. ఐరిష్ జాతీయుణ్ణన్న కారణంగా తనను జాతిపరంగా దూషించారని, గాయపరిచారని అతను వేసిన దావాలో బీబీసీ, క్లార్క్‌సన్ 2016 ఫిబ్రవరిలో పరిహారంతో రాజీపడ్డారు, క్లార్క్‌సన్ మరోసారి క్షమాపణ చెప్పాడు.

తెలుగు పరిశ్రమలోనూ అడుగు పడకపోలేదు. 2018లో నటి శ్రీరెడ్డి నిరసన తర్వాత సినీ, టీవీ రంగంలో లైంగిక వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో ఉన్నత స్థాయి కమిటీ వేసింది. ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, ఇక్కడి నివేదికనూ ప్రచురించాలని నటి సమంత బహిరంగంగా కోరారు. రెండేళ్ళుగా అది అరలోనే ఉందని చాలామందికి తెలిసింది అప్పుడే.

వేటుకు ముందున్న మెట్లు

రుజువైన దాడికీ, రుజువైన వేధింపుకీ పాపులారిటీ మినహాయింపు ఇవ్వడం ఏ తర్కానికీ నిలవదు. డ్రైవరు చేస్తే ఇంటికి పంపే తప్పుకు యాంకర్‌ను ఉంచుకుంటే ఆ సంస్థ నియమావళిని డ్రైవరు కూడా నమ్మడు. అయితే ప్రతి దురుసుతనానికీ వేటే మందన్న వాదనా తేలిపోతుంది. వేటు ఒక్కటే శిక్ష అయితే, చిన్న తప్పులకు అది మరీ పెద్దది కాబట్టి ఎవరూ ఏ శిక్షా వేయరు. చిన్న తప్పులు పెద్దవయ్యేదాకా ఎదురుచూస్తారు.

బ్రిటన్ వంటల కార్యక్రమం 'మాస్టర్‌షెఫ్' వ్యాఖ్యాత గ్రెగ్ వాలెస్ కేసులో ఇది అంకెలతో సహా కనిపిస్తుంది. నిర్మాణ సంస్థ బానిజే చేయించిన విచారణ నివేదిక 2025 జూలైలో వెలువడింది. 83 ఆరోపణల్లో 45 నిజమని తేలాయి. ఎక్కువ భాగం అశ్లీలమైన జోకులు, మాటలు. ఆయన కొన్నిటిని ఒప్పుకుని, మరికొన్నిటితో విభేదించాడు. బీబీసీ ఆయనతో ఇక పనిచేయబోమని చెప్పింది. అందరూ పట్టించుకున్న అంకెలు 83, 45. అంతకంటే ముఖ్యమైనది నివేదిక లోపల ఉంది: రుజువైనవాటిలో అత్యధికం 2005-2018 మధ్య జరిగినవి, 2018 తర్వాతది ఒక్కటే. మధ్యలో, 2017లో, బీబీసీ అధికారులు ఆయన్ను హెచ్చరించారు.

అంటే హెచ్చరిక చాలావరకు పనిచేసింది. వాలెస్ ఆ షోలో చేరింది 2005లో, హెచ్చరిక వచ్చింది పన్నెండేళ్ళకు. ఈలోపు వచ్చిన ఫిర్యాదులు ఫ్రీలాన్సర్ల నోట్లో, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారిన ఫైళ్ళలో చెల్లాచెదురుగా ఉండిపోయాయి.

2025 ఏప్రిల్‌లో పని సంస్కృతిపై సమీక్ష తర్వాత బీబీసీ ప్రకటించిన చర్యల్లో ప్రవర్తనా నియమావళి, శిక్షణ వంటి ఊహించదగినవి చాలా ఉన్నాయి. వాటి మధ్య ఒకటి కాస్త విడిగా కనిపిస్తుంది. తెర మీది అతి ముఖ్యమైన స్థానాలన్నిటికీ వారసులను ముందే సిద్ధం చేసుకోవాలని, ఎవరూ 'ఈయన లేకపోతే నడవదు' అన్న స్థితికి చేరకుండా చూడాలని నిర్ణయించారు. ఇది శిక్షలకు సంబంధించిన నిబంధన కాదు, సిబ్బంది ప్రణాళిక. కానీ రేపు ఫిర్యాదు వచ్చినప్పుడు బల్ల అవతల కూర్చున్న మేనేజరు గొంతు పెగలడానికి నియమావళి కంటే ఇదే ఎక్కువ పనికొచ్చేలా ఉంది.